వంకాయల చుట్టాలు

జలంత్రకోటలో మా అత్త పశువులశాల గోడకు ఎర్రమట్టి పూయబోతుంటే పరుగున వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. మర్నాడు అమ్మవారి సంబరం. చుట్టాలొచ్చేసరికి గోడ నున్నగా మెరవాలని ఆవిడ పట్టుదల. నేనేమో ఆ గోడ కన్నంలోంచి నీలిచారల ఈగ బయటికి రావడం అప్పుడే చూశాను. బళ్లో ఏళ్ల తరబడి పిల్లలకు బొమ్మలోనే చూపించిన ఈగ, ప్రాణాలతో మా అత్తారింట్లోనే ఉంది! నాకు కాలు నిలవలేదు.

"అత్తా, పుయ్యకు! లోపల పిల్లలున్నాయి!"

"కందిరీగలకి పురుడు పోత్తన్నావేటే? తప్పుకో, మట్టి ఆరిపోతంది."

కందిరీగ కాదు, తేనెటీగకు చుట్టమన్నాను. తేనెటీగ, మన దూలం తొలిచే నల్ల తుమ్మెద, ఇదీ, అన్నిటిదీ ఒకటే ఇంటిపేరు, కాపురాలే వేరన్నాను. ఇది తేనెపట్టు పెట్టదు, ఒంటరిగా గోడ తొలిచి పిల్లల్ని పెంచుకుంటుంది.

"తేనియ్యని ఈగతో నాకేటి పని?"

జబ్బ పట్టుకుని పెరట్లోని వంగమొక్కల దగ్గరికి లాక్కెళ్లాను. మా అదృష్టం, నీలిచారలది అక్కడే ఉంది. వంగపువ్వును కరుచుకుని జుయ్‌మంటూ ఒళ్లంతా వణికించింది. పుప్పొడి జలజలా రాలింది. అలా రాలితేనే కాయలు బాగా పడతాయన్నాను. పట్టు పెట్టే తేనెటీగకు ఈ విద్య రాదు. అత్త ముక్కున వేలేసుకుంది.

"ఓలమ్మ! నా వంకాయలు దీని సలవేటే!"

గెలిచేశాననుకున్నాను. గోడ దగ్గరికి తిరిగొచ్చేసరికి కన్నాల ముందు ఇంకో ఈగ తచ్చాడుతోంది, ఒంటినిండా నీలిచుక్కలు. ఇక నా నోరు ఆగితేగా! "ఇదీ అదే ఇంటిపేరు అత్తా! గూడు కట్టదు. ఆ నీలిచారలదాని గూట్లో దొంగచాటుగా గుడ్డు పెట్టిపోతుంది. దీని పిల్ల దాని పిల్ల కూడు తినేస్తుంది!"

అత్త చీపురందుకుంది. "నా వంకాయలకి కట్టపడేదాని పిల్లల కూడు తినేత్తాదా!"

దొంగ కోసం కూడా చేతులు చాచి గోడకు అడ్డంపడ్డాను. రెండూ కావాలి నాకు, దండం పెడతానన్నాను. అత్త నన్ను ఎగాదిగా చూసి, చీపురు పడేసి మట్టి కలుపుకుంది. గోడంతా పూసింది. కన్నాలున్నచోట చేటంత మేర వదిలేసింది.

మర్నాడు పక్కింటావిడ అడగనే అడిగింది, "మట్టి సాల్లేదేటి వదినా?"

నేను నోరు తెరిచేలోగా అత్తే అందుకుంది. "మా వంకాయల సుట్టాలున్నారక్కడ. అందులో ఒక దొంగ సుట్టం కూడా ఉంది. సంబరానికి అలాటి సుట్టం రాని ఇల్లేదో సెప్పు!"