మౌస్ లేని నొక్కు

ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాము విండో మూడోసారి మూసుకుపోయినప్పుడు, ఇంట్లో చిన్నదాని చప్పుడు లేదని నాకు తట్టింది. మధ్యాహ్నం మూడు దాటింది. రెండున్నరేళ్ళ పిల్ల మెలకువగా ఉండి గమ్మున ఉందంటే ఏదో జరుగుతోందనే అర్థం.

దయ్యాలూ శకునాలూ నేను నమ్మను. ఎంసీఏ చదివాను. ప్రోగ్రాము ఏ పని చేసినా, ఎవరో చేయమన్నారు కాబట్టే చేస్తుందని నా వృత్తి నేర్పింది. పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నది కూడా, జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలనే.

కడపలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. బనగానపల్లె దగ్గర ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీకి, బండల కొలతలు ఎక్కించి చీటీలు తీసే ప్రోగ్రాము రాసిచ్చాను. నెల తిరక్కుండానే, అది పని మధ్యలో మూసుకుపోతోందని ఫోను. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే ఓబులేసును ఏం నొక్కావని అడిగితే, "మేం ముట్టనే లేదక్కా, దానంతట అదే పోతాండాది" అన్నాడు. అందరూ అనే మాటే అది. నేను నమ్మలేదు.

ఇలాంటప్పుడు ప్రోగ్రామును మధ్యలో ఆపి చూస్తే లాభం లేదు. ఆపి చూడటానికి తెరిచే విండోనే ముందుకొచ్చి లేని గందరగోళం పుట్టిస్తుంది. అందుకే విండోకు అందే ప్రతి సంకేతమూ సమయంతో సహా ఒక ఫైలులో పడేలా నాలుగు లైన్లు చేర్చి, నా ల్యాప్‌టాప్‌లో నడిపాను. చెయ్యి పొరపాటున తగలకూడదని టచ్‌ప్యాడ్ ఆపేశాను. వైర్‌లెస్ మౌస్ సంకేతాలు అందుకునే రిసీవరును ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసి బల్ల మీద పెట్టాను. మౌసును చిన్నది ఆడుకోవడానికి పట్టుకుపోయింది.

ఆ రోజు కుళాయి నీళ్ళు వచ్చే రోజు. మాకు రెండు రోజులకోసారి వస్తాయి. పెరట్లో నేల కింద సంపు, నిలువెత్తు లోతు. దాని మీది బండ సగం జరిపి పైపు వేస్తాం. చప్పుడు వింటూ లోపల పని చేసుకుంటాం. చప్పుడు మారితే నిండినట్టు. మా వీధిలో అందరూ అంతే. పైపు వేసి వచ్చి వెనక తలుపు గడియ పెట్టాననుకున్నాను. పెట్టలేదు.

విండో మూసుకుంది. తెరిచాను. మళ్ళీ మూసుకుంది. ఇంకోసారి తెరిచి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తుండగానే మూడోసారి. ఫైలులో మూడుసార్లూ ఒకటే పడింది: మూసే గుర్తు మీద మౌస్ నొక్కారు. చిన్నదే నొక్కుతోందనుకుని, దాన్ని వెతకడానికి లేచాను.

సంపు అంచున బోర్లా పడుకుని ఉంది. తలా భుజాలూ లోపలికి వేలాడుతున్నాయి. చేతిలోని మౌసును నీళ్ళకు చూపిస్తోంది. పిలిస్తే ఉలిక్కిపడుతుందని పిలవలేదు. మెల్లగా వెళ్ళి రెండు కాళ్ళూ పట్టుకుని వెనక్కి లాగాను. మౌసు నీళ్ళలో పడిపోయింది.

పిల్లను చంకనేసుకుని లోపలికి వచ్చాక బల్ల మీద రిసీవరు కనిపించింది. ఊడదీసింది నేనే. పెరట్లో ఆ మౌసును ఎంత నొక్కినా ల్యాప్‌టాప్‌కు అందే దారి లేదు.

సాయంత్రం చర్చి నుంచి వచ్చిన అత్తమ్మ అంతా విని, పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "ప్రభువు లేపినాడమ్మా నిన్ను. ఇంగ దాన్ని తవ్వాకు" అంది.

తవ్వాను. ఫ్యాక్టరీ సంగతి వారంలో తేలింది. బండల దుమ్ము పట్టి అక్కడి మౌస్ ఒక నొక్కును రెండుగా పంపుతోంది. తెర మీది చీటీని మూసే నొక్కే రెండోసారి పడి, వెనకున్న విండోనూ మూసేస్తోంది. మౌస్ మార్చాక మళ్ళీ ఫోను రాలేదు. ఓబులేసు చెప్పింది నిజమే, ఆ విండోను నిజంగానే అతను ముట్టలేదు. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం తర్వాత ఎన్ని రోజులు నడిపినా ఆ విండో ఒక్కసారీ మూసుకోలేదు. ఫైలులో ఆ మూడు వరుసలు ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్ల సంపు దగ్గర దొరికిన మర్నాడు పొద్దున, బడికి తయారవుతున్న పెద్దవాణ్ణీ చిన్నదాన్నీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. నేను పనిలో ఉన్నా సరే, ఊరికే అయినా వచ్చి నన్ను పిలవమన్నాను.

"పిలిస్తే అరుస్తావు గదమ్మా" అన్నాడు పెద్దవాడు.

"అరిచినా సరే నాయనా. నేను పలికేదాకా పిలుస్తానే ఉండండి" అని చెప్పాను.