సొట్ట లేని ఎర్ర కారు

పంజాగుట్టలో పాత కార్ల ప్రదర్శన. తలుపు మీది నంబరు చూసి ఆ ఎర్ర రేసు కారును గుర్తుపట్టాను. ‘ఎన్నో రేసులు గెలిచింది, ఒక్క ప్రమాదమూ జరగలేదు’ అని బోర్డు మీద రాశారు.

అమీర్‌పేట పాతవాళ్లారా, కార్ల సొట్టలు తీసే మా నాన్న డెంటింగ్ షెడ్డు, ఆ సుత్తి చప్పుడు, పుట్టీ వాసన మీకు గుర్తున్నాయా? ఈ కారు రేసులో బోల్తా పడి మా చిన్నాయన పోయాడు. దినాలు కాకముందే నాన్న సుత్తి పట్టాడు.

"నా తమ్ముని బండి గిది. ఇంకెవ్వడు ముట్టొద్దు" అన్నాడు. సొట్ట మిగిలిందేమోనని కళ్లు మూసుకుని అరచేత్తో రేకంతా తడిమేవాడు.

నేనూ కళ్లు మూసుకుని తలుపు తడిమాను.

"చెయ్యి పెట్టకక్కా!" అని వాచ్‌మన్ అరిచాడు.

ఎంత వెతికినా సొట్ట తగల్లేదు. బోర్డు మీది అబద్ధాన్ని నిజంలా నిలబెట్టింది మా నాన్న పనితనమే.