దొరల తీరు ఉత్తరం

గల్ఫ్ లడాయి మొదలైన కొత్తల మా కంపెనీ ఇంగ్లీషు ఇంజినీరు ఒకాయన ఉన్నపళంగ దేశం పోయిండు. ఆయన క్వార్టరు ఖాళీ చేస్తుంటే నాకొక పుస్తకం దొరికింది. రెండువందల ఏండ్ల కింద ఇద్దరు ఇంగ్లీషు దొరలు, జిగ్రీ దోస్తులు, ఒకలకొకలు రాసుకున్న ఉత్తరాలు. బీఏ చదివి రియాద్ పక్కన సులై అనే జాగల, గోదాంల నట్లు బోల్టులు అందించే నాకు ఆ పుస్తకం పిచ్చి పట్టించింది.

ఆ దొరలు అసలు సంగతి ముందుగాల చెప్పరు. వాన, తోట, చదివిన పుస్తకం, అన్నీ అయినంక చివరికెక్కడో చెప్తరు. ముందే చెప్పుడు మోటుతనమని వాళ్ల లెక్క. నాకు మస్తు నచ్చింది. సౌదీల్నే ఇంకో మూలకు జిజాన్ల పనిచేసే నా కాలేజీ దోస్తుకు గూడ రాసి నేర్పిన, మనం గూడ గిట్లనే రాసుకుందామని. నా తెలివి తెల్లారినట్టే ఉండె.

మా రూముల ఎవలకు ఉత్తరమొచ్చినా అందరి ముంగట బిగ్గరగ చదువుడు అలవాటు. చదివేటోన్ని నేనే. ఆ దోస్తు బామ్మర్ది గూడ మా రూముల్నే ఉండె, సెంట్రింగు పని చేసేటోడు. ఊర్ల వాళ్లవ్వకు, కన్నతల్లికి, పానం బాగలేదు. ఛుట్టీ అడిగితే వాని కఫీల్, వీసా ఇచ్చిన అరబ్బు సేటు, "బుక్రా, బుక్రా" అని రేపటి మీదికి నూకుడే. అవ్వను ఒక్కసారి కండ్ల జూస్తే చాలన్నా అని రోజూ నాతోని అంటుండె.

ఒక శుక్రవారం అన్నాలు తిన్నంక జిజాన్ ఉత్తరం విప్పిన. బావ ఉత్తరమని వాడే ముందటొచ్చి కూసున్నడు. "ప్రియ మిత్రమా, ఇచట రెండు వానలు పడినవి. కొండల మీది మబ్బును చూడగా మన కాలేజీ దినములు గుర్తుకు వచ్చినవి..." అట్ల పేజీన్నర. అందరు నవ్వుకుంట వింటున్నరు. నేను మంచి ఊపు మీదున్న. ఆ ఊపులనే చదివేసిన: "మా అత్తగారు పోయిన నెల కాలం చేసినారు. నా బామ్మర్దికి నీవే మెల్లగా తెలుపగలవు."

మెల్లగా అన్న మాట గూడ బిగ్గరగనే చదివిన.

వాడు ఏడ్వలే. నా చేతిల కాయితం దిక్కు జూసి అడిగిండు, "అవ్వ సచ్చిపోయిన ముచ్చటకు ముందు వాన ముచ్చట ఎందుకు రాసిండన్నా బావ?"

అట్ల రాయుమని నేర్పింది నేనేనని చెప్పలే.

"ఎట్ల చెప్పాల్నో తెల్వక రాసిండు తమ్మీ" అన్న.

నమ్మిండు.