జబల్‌పూర్ దాకా ఒక పాట

ఇద్దరు పాడుతూ ఒకరి కోసం ఒకరు ఆగితే, ఆ పాటను ఆపింది ఎవరు? ఇప్పటికీ జవాబు తెలియని ప్రశ్న ఇది.

వెస్లీ రామాయంపేట రూటులో బస్సు నడిపి రిటైరైన మనిషి. స్టీరింగ్ ముందు ఎంత మొరటుగా అరిచినా, ఆదివారం మెదక్ చర్చిలో పాటల బృందంతో నిలబడితే ఆ గొంతు వెన్న. పాట అసలు వరుస అతనిది. దాని కిందుగా నడిచే ఆల్టో వరుస పెర్సిస్‌ది. దవాఖానలో నర్సు ఆమె. బృందంలో ఈ కొసన అతను, ఆ కొసన ఆమె. మాట్లాడుకున్నది తక్కువే. అతని భార్య పోయాక ఇల్లు మూగబోయింది. సాయంత్రపు కీర్తనలో ఆ రెండు వరుసలూ కలిసే చోట మాత్రం అతనికి ఏ లోటూ గుర్తొచ్చేది కాదు. రిటైరయ్యాక పెర్సిస్, రైల్వేలో పనిచేసే మేనకోడలు క్రిస్టినా దగ్గరికి జబల్‌పూర్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ కీర్తనను ఎవరితో పాడినా అతనికి ఆనలేదు.

మొన్న ఆమే ఫోన్ చేసింది.

"వెస్లీ గారూ, బుధవారం నా గొంతుల గడ్డ తీస్తరట. తర్వాత గొంతు ఎట్లుంటదో చెప్పలేమన్నరు. ఆ సాయంత్రపు కీర్తన మీతోని ఒక్కసారి పాడాలని ఉంది. నా వరుస ఒక్కటే పాడితే అది పాట లెక్కనే ఉండది. 'ఏడ నొస్తుంది అత్తా?' అని అడుగుతుంది క్రిస్టినా."

వీడియో కాల్‌లో మొదలుపెట్టారు. ఆమె గొంతు కాస్త వెనకగా వచ్చింది. అందుకోనీ అని అతను ఆగాడు. అతను ఆగాడని ఆమె ఆగింది. చరణం సాగి సాగి, ఎత్తు ఎక్కలేని లోడు బండిలా నిలిచిపోయింది. ఇద్దరూ నవ్వారు. రెండోసారి నిలిచిపోయినప్పుడు నవ్వలేదు.

మరునాడు వెస్లీ, ఇంటికి నెట్ కనెక్షన్ ఇచ్చిన షారూఖ్‌ను పిలిపించాడు.

"పెద్ద ప్లాన్ వెయ్యి తమ్మీ. నెట్ మస్తు స్లో ఉన్నది."

షారూఖ్ గోడకున్న డబ్బా పక్కన నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టాడు. ముల్లు సర్రున లేచింది.

"నూరు ప్లాన్‌కు తొంభై దాటి వస్తుంది అంకుల్. మీ దిక్కు నుంచి పోయే అప్‌లోడ్ గూడ బాగనే ఉంది. పాట పంపుతున్నరా, పెండ్లి బరాత్ పంపుతున్నరా?"

"మరి ఆలస్యం ఎందుకైతుంది?"

"గీ కింద చూడుండ్రి, పింగ్. ఇక్కడికెళ్ళి పోయి మళ్ళ వచ్చేదాంక పట్టే టైమ్. దూరం పెరిగితే ఆ టైమ్ పెరుగుతది. వీడియో కాల్ చేసే ఆలస్యం ఇంక దానిమీద. మీరు బస్సు నడిపినోళ్ళే గద! సీట్లు ఎక్కువున్న బండి తెస్తే మంది ఎక్కువ ఎక్కుతరు. రామాయంపేట దగ్గరికొస్తదా?"

వెస్లీ నవ్వలేదు. "అయితే కలిసి పాడుడు కాదంటవు."

షారూఖ్ తల గోక్కున్నాడు. "రెండు దిక్కుల కాదు. ఒక్క దిక్కు అయితది. మీరు ఆమె కోసం ఆగకుండ పాడుకుంట పోండ్రి. మీ పాట చేరినంక ఆమె అందుకుంటది. ఆడ ఇద్దరి గొంతులు కలుస్తయి. మీకు మాత్రం ఆమె ఎనకనే వినబడ్తది. వింటే మీరు ఆగుతరు."

"ఆమెను ముందు పాడమంటే?"

"అప్పుడు కలిసిన పాట మీకు వినబడ్తది. ఆమెకు గాదు."

వెస్లీ డబ్బా మీది పచ్చ లైటు వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా తన చెవులు అడిగింది ఆ కలిసిన పాటనే.

"ప్లాన్ మార్చకు తీ" అన్నాడు చివరికి.

మంగళవారం సాయంత్రం పెర్సిస్ తెర మీదికి వచ్చింది. గొంతు చుట్టూ శాలువా.

"నేను ఆగను. మీరు నా ఎంట రండ్రి" అని చెప్పి, వెస్లీ ఫోన్ సౌండ్ పూర్తిగా తగ్గించాడు. పెదవులు కదలడం చూసినా ఆగిపోతానని కళ్ళు కిటికీ వైపు తిప్పుకున్నాడు. పాడాడు. వరుసలు కలిసే చోట గదిలో అతని గొంతు ఒక్కటే ఉంది. చెవి అలవాటుగా రెండోదాన్ని వెతికింది. గొంతు తడబడబోయింది. పడనివ్వలేదు.

పాట ముగించి తెర వైపు తిరిగాడు. పెర్సిస్ కళ్ళు మూసుకుని ఉంది. చివరి మాట ఇంకా ఆమె పెదవుల మీదే ఉంది. తర్వాత కళ్ళు తెరిచి, తుడుచుకుని, నవ్వుతూ ఏదో చెప్పసాగింది. వెస్లీ వేలు సౌండ్ బటన్ దాకా పోయింది. ఇప్పుడు వినబడేది మాటే; కలిసిన పాట ఆమె దగ్గరే ఉండిపోయింది. వేలు వెనక్కి తీసుకున్నాడు.

ఫోన్‌ను గోడకు ఆనించినట్టే ఉంచి, చెప్పులేసుకుని, పోయొస్తానని కూడా అనకుండా బయటికి నడిచాడు.