పైడిరాజు పంచిన మాత్రలు

మలేషియాలోని సుంగై సిపుట్‌లో పైడిరాజంటే ఎవరని అడిగేవాళ్లుండొచ్చు గానీ, కన్నమ్మ మొగుడంటే గుర్తుపట్టనివాళ్లు లేరు. ఆవిడ చేపల అంగడి ముందు బేరం మొదలుపెడితే పక్కన కూరగాయలవాళ్లు కూడా తమ ధర సర్దుకుంటారని ఊళ్లో వేళాకోళం. పైడిరాజు మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. రబ్బరు ఎస్టేటులో పుట్టి, అక్కడే చెట్లు గీసి, ఎస్టేటు మూతపడ్డాక ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. చేతిలోకి ఏది వచ్చినా అందులో సగం పెళ్లానికి పెట్టడమే ఆయనకు తెలిసిన ప్రేమ. రొట్టె అయినా, అరటిపండు అయినా, ఆఖరికి రక్తపోటు మాత్ర అయినా.

అవును, మాత్రే. నవ్వకండి. ఎస్టేటులో మందులిచ్చే ఆయన్ని డ్రెస్సరయ్య అనేవాళ్లు. ఇంటికో సీసా పట్టుకెళ్తే అందులో ఎర్రటి మిక్చరు పోసేవాడు. ఇంట్లో ఒకడికి జ్వరం తగిలితే చాలు, పైడిరాజు తల్లి ఆ మిక్చరు పిల్లాజెల్లా అందరి నోళ్లలోనూ పోసేది. "ఒకే కుండలో కూడు తింటన్నాం, ఒకడికొచ్చింది రేపు ఇంకొకడికి రాదేటి?" అనేది. అందరూ తాగారు, అందరూ బతికారు. అలా పెరిగినవాడికి మందనేది ఒక మనిషిది కాదు, ఇంటిది.

కొన్నేళ్ల కిందట ప్రభుత్వ క్లినిక్‌లో పైడిరాజుకు రక్తపోటు ఉందని తేల్చి, పేరు రాసుకున్నారు. ముసలివాళ్లకు అక్కడ మందులు ఊరికే ఇస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కన్నమ్మకూ ఎండలో నడిచినప్పుడు తల తిరిగింది. ఇంకేముంది! ఒకే ఉప్పు, ఒకే పులుసు, కాబట్టి ఒకే రోగం అని మొగుడూ పెళ్లాం తీర్పు చెప్పేసుకున్నారు. రోజూ పొద్దున్నే ఆయన మాత్రను కత్తితో రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఆమెకిచ్చి, చిన్నది తాను మింగేవాడు.

ఇలా ఎన్నాళ్లని? ఆమె కూడా పేరు రాయించుకుంటే ఎవరి మాత్ర వాళ్లకొస్తుంది కదా అని పైడిరాజుకు ఉండేది. పక్కింటి రెంగసామి కూడా అదే పోరు. తమిళుడే అయినా ఎస్టేటు లైను ఇళ్లలో తెలుగువాళ్ల మధ్య పెరిగాడు కాబట్టి తెలుగు ఆయనకు కొట్టిన పిండి, మాట చివర మలాయివాళ్ల 'లా' ఒక్కటి మాత్రం అంటుకుంది.

"రాయించుకో లా, అక్కా! రత్తం సూత్తారు, మాత్రలిత్తారు. పైసా అడగరు. మన వయసోళ్లందరూ ఎల్తన్నారు, నీకేటి?" అన్నాడొక సాయంత్రం వాకిట్లో కాఫీ తాగుతూ.

"పేరు రాయించుకుంటే రోగం రాయించుకున్నట్టే" అంది కన్నమ్మ. "మా అప్ప నవ్వుకుంటా ఎల్లి రాయించుకున్నాది. మరి నెల తిరిగిందేటి? మోసుకెల్లినాం."

"మీ అప్పకి ముందే ముదిరిపోనాది, అందుకు."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. యముడికి తెలుసేటి? ఆడు పేర్లు సూసుకుని వొత్తాడు."

రెంగసామి నెత్తి కొట్టుకున్నాడు. పైడిరాజు నవ్వలేదు. ఆ అక్క చావు కన్నమ్మను ఎంతగా భయపెట్టిందో ఆయనకు తెలుసు. ఆ మాటలు వేళాకోళం కావనీ తెలుసు.

ఆయన బాధ ఆయనకుంది. ఎప్పుడు వెళ్లినా డాక్టరమ్మ రక్తపోటు చూసి మొహం చిట్లించేది. ఇంత మందిస్తున్నా తగ్గదేం, ఉప్పు చేపలు మానలేదా అని కోప్పడి, మోతాదు పెంచేది. ఎలా తగ్గుతుంది, మింగేది సగమైతేనూ! నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. చెబితే ఇక ఒక్కళ్లకు సరిపడానే ఇస్తారేమో, లెక్కపెట్టి మింగిస్తారేమో, అప్పుడు కన్నమ్మ గతేమిటి? నాకు కొంచెం ఎక్కువ తక్కువైనా ఫర్వాలేదు, అది బతికుంటే చాలు అనుకుని నోరు మూసుకునేవాడు. మోతాదు పెరిగిన కొద్దీ ఆమెకిచ్చే ముక్కకూ బలం పెరిగింది. ఆ సంగతి ఆయన బుర్రకు తట్టలేదు.

ఆదివారం పొద్దున అంగడిలో కన్నమ్మ కెంబుంగ్ చేపల మీద గట్టి బేరంలో ఉంది. ఉన్నట్టుండి నోరు ఆగిపోయింది. ధర ఒప్పుకుందనుకుని చేపలాయన తూచడం కూడా మొదలుపెట్టాడు. ఆమె బల్ల పట్టుకోబోయి, పట్టు చిక్కక, తడినేల మీద కూలిపోయింది.

"ఓలమ్మో, కన్నమ్మా!" అని పైడిరాజు అరిచిన అరుపు ఆ అంగడి అంతకు ముందెప్పుడూ వినలేదు.

రెంగసామి కారులో వేసుకుని పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లారు. పేరు అడిగారు. పైడిరాజు ఆమె గుర్తింపు కార్డు తీసి ఇచ్చేశాడు. ఇన్నేళ్లూ కన్నమ్మ భయపడిన పని అలా ఒక్క క్షణంలో అయిపోయింది.

నర్సు మోహనప్రియ తెలుగింటి పిల్లే. ఇంట్లో విని అర్థం చేసుకోవడమే తప్ప మాట్లాడటం తక్కువ. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది, మళ్లీ చూసింది. బాగా పడిపోయి ఉంది. సెలైను పెట్టి, డాక్టరుగారు అడగమంటే ఒక్కో మాటా వెతుక్కుంటూ, దొరకనిచోట తమిళం కలిపి అడిగింది.

"అమ్మమ్మా, ఇంట్లో ఏదన్నా మాత్ర సాప్పిడతారా మీరు?"

అప్పటికి కళ్లు తెరిచిన కన్నమ్మ మొగుడి వంక చూసింది. నిజం చెబితే ఈయన మందు ఆపేస్తారేమోనని ఆమె భయం.

"నేదమ్మా. నానేటీ మింగను."

మోహనప్రియ ఆ మాట డాక్టరుకు చెప్పబోతుంటే పైడిరాజు అడ్డు వచ్చాడు.

"అబద్దం, తల్లీ. నా మాత్రలో సగం రోజూ నానే పెట్టినాను."

డాక్టరు పైడిరాజు చేతికీ పట్టీ చుట్టించి చూశాడు. తరువాత మలాయిలో నిదానంగా చెప్పాడు, మోహనప్రియ వచ్చిన తెలుగులో చెప్పింది. పరీక్షల్లో కన్నమ్మకు ఏ జబ్బూ కనిపించలేదు. లేని రోగానికి మందు మింగి మింగి ఆమె పడిపోయింది. ఉన్న రోగానికి మందు చాలక ఈయన రక్తపోటు ఎప్పుడైనా కాలో చెయ్యో, ప్రాణమో తీసుకుపోయేలా ఉంది. ఇకమీదట ఈయన మాత్ర ఈయనే మింగాలి. పెంచిన మోతాదు మొత్తం ఒక్కసారిగా పడదు కాబట్టి ముందు చిన్న మోతాదుతో మొదలుపెట్టి చూడాలి.

పైడిరాజు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "రోగం నేదంట, కన్నమ్మా! నీకేటీ నేదంట!" అంటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. తన గురించి చెప్పింది ఆయన చెవికెక్కనే లేదు.

కన్నమ్మకు ఎక్కింది. ఆమె నవ్వలేదు.

"ఇక్కడ పేరు ఉంచాలంటే ఉంచొచ్చు, అమ్మమ్మా. ఊరి క్లినిక్కుకి పంపిస్తాం. ఏడాదికి ఒకసారి వచ్చి చూపించుకుంటే పోదుం... చాలు. ఇష్టమేనా?" అని అడిగింది మోహనప్రియ.

"ఉంచమ్మా" అంది కన్నమ్మ. మొగుడి చెయ్యి లాగి గుండెకు అదుముకుంది. "ఆనాడే నా పేరు రాయించుకునుంటే, నాకేటీ నేదని ఆనాడే సెప్పీవోరు. ఆ సగం కూడా నీ కడుపులోకే పోయుండేది గదయ్యా. బయం నాది, పానం మీదికి తెచ్చుకున్నది నువ్వు" అంటూ గొల్లుమంది.