రంగుల గుడిలో అక్క అడిగిన మాట

మా చిన్నప్పుడు... ఆషాఢం దాటినా చినుకు పడకపోతే ఊరంతా కలిసి బండ మీద వరదపాయసం పోసేవాళ్ళం. ఇంటింటి నుంచి కొర్రబియ్యం, బెల్లం తెచ్చి ఒకటే కుండలో వండేవాళ్ళు. ఆ కుండను ఒక ఆడపిల్ల నెత్తిన పెట్టుకొని ఊరి బయట బండ దాకా మోయాలి. పాయసాన్ని వట్టి బండ మీద పోస్తే, అందరం చేతులు వెనక్కి కట్టుకొని, వంగి నాలుకతో నాకాలి... అది చూస్తే వానదేవుడికి జాలి పుడుతుందని నమ్మకం. పొయ్యకముందు ఎవరూ ముట్టకూడదు. ముడితే ఎంగిలి. వాన రాదు.

ఆ ఏడు కుండ మోసింది మా నాగక్క. నాకంటే ఐదేళ్ళు పెద్ద. దారిలో కాలికి ముల్లు గుచ్చుకొని కుండ దించింది. ఆమె ముల్లు తీసుకుంటుండగా నేను మూత జరిపి, వేలు పెట్టి నాకాను. నాకు ఏడేళ్ళు. ఆకలి... అంతే.

బండ దగ్గర ఊరి పెద్ద మూత తీసి వేలి గుర్తు చూశాడు. ఎవరు ముట్టారని అడిగాడు. నేను మాట్లాడలేదు. అక్కా మాట్లాడలేదు. మోసింది ఆమె గనుక ఆమే అన్నారు. నాయన అందరి ముందు చింతబరికెతో కొట్టాడు.

ఆ ఏడు వాన రాలేదు.

అప్పటి నుంచి అక్క పేరు 'వాన మింగిన నాగి'. విత్తనం వేసే రోజు ఆడవాళ్ళంతా గొర్రు వెంట నడుస్తూ గింజలు వదులుతుంటే, అక్క ఒక్కతే గట్టు మీద నిలబడేది. పక్క ఊరికి కోడలిగా పోయింది. ఆ పేరు ఆమె కంటే ముందే పోయింది. అక్కడా గొర్రు ముట్టనివ్వలేదు... బతుకంతా.

చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

రెండువేల ఆరో ఏడో... తనకల్లు దగ్గరి భజన గుంపు వాళ్ళు సీతమ్మ ఉన్న లంక చూద్దామని బయలుదేరారు. అక్క పోతానంది. తోడుకు నన్ను రమ్మంది. ఇద్దరమూ అప్పటికే ముసలివాళ్ళం. మా ఊరు కనబడనంత దూరం పోతే నోరు పెగులుతుందేమో, ఈసారి అక్కతో చెప్పేద్దాం అనుకొని విమానం ఎక్కాను.

అక్కడ దిగినప్పటి నుంచి వానే. అక్క బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కూర్చునేది. తడిసినా లోపలికి తీసుకునేది కాదు.

దారిలో ఒక బుద్ధుడి గుడి దగ్గర బస్సు ఆపారు. అన్ని రంగులు ఒక్కచోట నేను ఎప్పుడూ చూడలేదు. మా ఇళ్ళకు తెలిసింది సున్నం, ఎర్రమన్ను. ఇక్కడ గోడలు పసుపు, ఎరుపు, నీలం... పైకప్పు నిండా తామరపూలు. తెల్లబట్టల ఆడవాళ్ళు పళ్ళేల్లో పూలు పట్టుకొని చప్పుడు లేకుండా నడుస్తున్నారు. లోపల మా బస్సంత పొడుగు విగ్రహం, తల కింద చెయ్యి పెట్టుకొని పడుకొని ఉంది.

మా గుంపు రంగనాథుడనుకొంది. 'రంగా రంగా' అని భజన ఎత్తుకున్నారు. తెల్లబట్టల వాళ్ళు బిత్తరపోయి చూశారు. మాకు దారి చూపే తమిళాయన పరుగున వచ్చి, ఈయన బుద్ధుడు, గట్టిగా పాడకూడదు అని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. అక్క నవ్వింది.

“ఎవురైతే ఏమప్పా, పండుకోనుండాడు గదా. మన వానదేవుడు గూడా ఈడికే వచ్చి పండుకున్నట్టుండాడు.”

గుడి పక్కన పొడుగాటి వసారా. లోపల నరకం. పాపాలు చేసినవాళ్ళకు పడే శిక్షలన్నీ సిమెంటు బొమ్మలుగా పెట్టారు. ఒకణ్ణి రంపంతో కోస్తున్నారు, ఒకణ్ణి నూనెలో వేయిస్తున్నారు. కొత్తగా రంగు వేశారేమో, నెత్తురు కూడా మెరుస్తోంది. కింద అక్షరాలు మనవాటి మాదిరే గుండ్రంగా ఉన్నాయి గానీ ఒక్కటీ చదవరాదు. అక్క ప్రతి బొమ్మ దగ్గరా ఆగి, ఇది ఏం పాపమని తమిళాయన్ను అడిగింది. దొంగతనం... తాగుడు... ఒకచోట పటకారుతో నాలుక లాగుతున్నారు. అబద్ధం అని చెప్పి ఆయన ముందుకు పోయాడు.

అక్క కదల్లేదు.

“చిన్నోడా, అబద్ధమాడినోల్లకు నాలుక పీకుతాండారు. నోరు మూసుకోని ఉన్నోల్లకు ఏం జేస్తారో ఈడ యాడా పెట్టలేదే.”

నేను తమిళాయన వెనకే పోబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు ఏలు పెట్టింది నేను చూస్తి. పసోడు, నాయన దెబ్బకు తట్టుకోలేడని ఊరుకుంటి. పెద్దయినంక చెప్తాడులే అనుకుంటి. నా పెండ్లికి చెప్తావనుకుంటి. నాయన పోయినప్పుడన్నా చెప్తావనుకుంటి.”

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. చెప్పాలనే వచ్చాను అందామని నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“నాతో ఏంజెప్తావురా, నాకు తెలిసిందే గదా. ఊరోల్లకు జెప్పాల.”

తిరిగి వచ్చాక చెబుదామనుకున్నాను. విత్తనాలప్పుడు చెబుదాం, జాతరకు చెబుదాం... రెండేళ్ళు అట్లే పోయాయి. అక్క కూడా పోయింది.

దినాల నాడు, భోజనాలకు కూర్చున్న రెండు ఊళ్ళవాళ్ళ ముందు లేచి చెప్పాను. అంతమంది ముందు నేను మాట్లాడింది ఆ ఒక్కసారే. అక్కను ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఉన్నవాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. అక్క మనవడు మెల్లగా అడిగాడు, “వరదపాయసమంటే ఏంది తాతా?”

ఇప్పుడు మా ఊళ్ళో విత్తనం ట్రాక్టరు వేస్తుంది. గింజ ఎవరు వదలాలి, ఎవరు వదలకూడదు అనే మాటే లేదు. వాన రాకపోతే ఏ ఆడపిల్లనూ కొట్టరు. మంచిదే. కానీ నేను తప్పు ఒప్పుకోవాల్సిన ఊరు మాత్రం లేకుండా పోయింది...

మీ తప్పుకు దెబ్బలు తిన్నవాళ్ళు మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. పోయి ఉంటే వాళ్ళ పేరు కింద రాయండి. బతికి ఉంటే ఇక్కడ రాయొద్దు... లేచి వాళ్ళ ఊరికి పొండి.