మొక్కుకు చాలని జుట్టు

డెంగీ జ్వరం నన్ను వదిలిపెట్టింది గానీ, పోతూ పోతూ నా జుట్టు పట్టుకుపోయింది. అదీ వెంటనే కాదు! ఆస్పత్రి నుంచి మా ఊరు నగరికి వచ్చి, ఒళ్ళు తేరుకుని, హాయిగా తిని తిరుగుతున్న మూడో నెలలో మొదలైంది. దువ్వితే దువ్వెన నిండా, తలంటుకుంటే తూము నిండా. చివరికి నాయన మరమగ్గం మీద నేస్తున్న లుంగీ గుడ్డలో కూడా దూరింది.

"పాపా, నీ ఎంటికను గూడా నేసేసినా సూడు," అని నాయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నడుము దాటిన జడ నాది! పెళ్ళిళ్ళలో అది సవరమేమోనని లాగి చూసినవాళ్ళున్నారు. అలాంటిది ఎలకతోకలా అయిపోతుంటే నవ్వుతారా ఎవరైనా?

అమ్మకు నాకంటే ఎక్కువ భయం పట్టుకుంది. ఎందుకంటే ఆ జుట్టు అప్పటికే నాది కాదు. ఆస్పత్రిలో నేను ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉన్నప్పుడు అమ్మ నా జడ చేత్తో పట్టుకుని, తిరుమల వైపు తిరిగి, "సామీ, నా బిడ్డను నిలబెట్టు, ఈ జుట్టంతా నీకే," అని మొక్కుకుంది. నేను లేచిన వెంటనే పోయి గుండు కొట్టించుకుంటే ఏ గొడవా లేదు. కానీ మా పెదనాయన పోయి అప్పటికి ఏడాది నిండలేదు. సంవత్సరీకం అయ్యేదాకా మేం కొండెక్కకూడదు. ఇంకా నెలలు ఆగాలి. జుట్టేమో ఆగనంటోంది.

"సామికిస్తామన్న సొత్తు, ఇచ్చేలోపలే రాలిపోతా ఉండాదంటే ఏమనుకోవాల?" అంది అమ్మ ఒకరోజు, గొంతు తగ్గించి. "ఆయనకు ఒద్దనే గదా! ఆయన మొక్కు ఒద్దంటే, మళ్ళా నీకేమన్నా అయితే?"

అదీ ఆమె భయం. జుట్టు పోతే పోయింది, బిడ్డ పోతుందేమోనని.

ఇక చూడండి ఆమె చేసిన పని! నా చేతిలోంచి దువ్వెన లాగేసుకుంది. దువ్వితేనే కదా రాలేది అని. తలంటు బంద్. ఇల్లంతా వంగి వంగి, రాలిన ప్రతి వెంట్రుకా ఏరి ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి దేవుడి పటం దగ్గర పెట్టేది. రాలినా సరే, అది సామి సొత్తే. వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చే ఆయన మోపెడ్ మీద వచ్చి, మా ఇంట్లో వెంట్రుకలు పోగవుతున్నాయన్న పక్కింటివాళ్ళ మాట విని మా గడప ముందు ఆగితే, అమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. పాపం, ఆయనకేం తెలుసు? మోపెడ్ తిప్పుకుని పరుగో పరుగు.

వీధిలో వాళ్ళ వైద్యం వేరే. ఒకామె గుంటగలగరాకు నూనె అంది, ఇంకొకామె ఉల్లిపాయ రసం అంది, మూడో ఆమె ఇదంతా ఉప్పునీళ్ళ మహిమ అని తేల్చేసింది. పది రోజులు దువ్వక, నా తల జడలు కట్టి, దాంట్లో ఉల్లి కంపు! నన్ను చూసి నాకే ఏడుపొచ్చింది. "చాలమా! పద తిరుపతికి, చర్మం డాక్టరు దగ్గరికి," అని అమ్మను బస్సెక్కించాను.

డాక్టరమ్మ నా తల పాయలు పాయలుగా తీసి చూసి, జ్వరం ఎప్పుడొచ్చిందని అడిగింది. చెప్పగానే ఆమె ముఖం తేలికపడింది. ఒంటికి పెద్ద కష్టం వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు పెరగడం మానేసి పడుకుంటాయట. రెండు మూడు నెలలకు అవన్నీ ఒక్కసారే ఊడతాయట. కుదుళ్ళు మాత్రం బతికే ఉంటాయట! "దువ్వినా రాలతాయి, దువ్వకపోయినా రాలతాయి. ఊడాల్సినవే ఊడుతున్నాయి. మెల్లగా చిక్కు తీసుకో, తలంటుకో, జడ బిగించి వేయొద్దు," అంది. రక్తపరీక్షలో ఐరన్ తక్కువని తేలితే మాత్రలు రాసిచ్చింది. గుడ్లు, పప్పు, ఆకుకూరలు బాగా తినమంది.

అమ్మ ఊరుకుంటుందా? "గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తాది గదమ్మా?"

"గుండుకూ ఒత్తుకూ సంబంధం లేదమ్మా. మొక్కు మీది, చెల్లించుకోండి. రావాల్సిన జుట్టు ఎట్లాగైనా వస్తుంది."

అప్పట్నుంచి అమ్మ నాకు రోజూ ఉడికించిన గుడ్లు పెట్టింది. తను మాత్రం ఒక్కటి ముట్టేది కాదు. "నా తలకేం, రాయి మాదిరి ఉండాది," అనేది, పిడికిలికి పట్టని కొప్పు సర్దుకుంటూ.

ఒక పొద్దున అద్దం ముందు పాపిడి తీస్తున్నా. పాపిడి పక్కన ఏవో పొట్టి వెంట్రుకలు నిటారుగా నిలబడి ఉన్నాయి. నూనె రాసి అణిచినా పడుకోవే! నుదుటి మీదా అవే, చెవుల పక్కనా అవే. "అమా! మొలిచినాయి! కొత్తవి మొలిచినాయి!" అని అరిచిన అరుపుకు నాయన మగ్గం ఆపేసి పరిగెత్తుకొచ్చాడు. అమ్మ వేలితో తాకి చూసి, నా నెత్తిన ముద్దు పెట్టి, వెంటనే బిక్కమొహం వేసింది. "కొండకు పోయే టయానికి పొడుగవ్వవు గదే!"

సంవత్సరీకం అయిపోయింది. కొండెక్కాం. అమ్మ చేతిలో ఆ కవరు. కల్యాణకట్టలో ఆడవాళ్ళకు గుండు చేసే ఆమె నా తల తడిపింది. గోవిందా అనుకున్నాను. చల్లటి కత్తి నుదుటి నుంచి మెడదాకా సాగింది. చూస్తుండగానే నా జుట్టంతా నా ముందు పడింది. అంతా కలిపి గుప్పెడు. అమ్మ కవరు విప్పి, అదీ దాని మీద పోసింది. అయినా చిన్న కుప్పే. అమ్మ దాన్నే చూస్తూ నిలబడింది.

నేను లేచాను. అమ్మ నా చోట్లో కూర్చుంది! కొప్పు విప్పేసింది.

"నువ్వెందుకమా? నీ జుట్టు మొక్కలేదు గదా!"

"అంత జడ సామికి సూపించి మొక్కుకున్నా. ఇప్పుడు ఇంతే ఇస్తే ఎట్ల? తక్కువైంది నా తల్లోంచి తీసుకోమను."

నల్లటి బారు పాయలు వచ్చి నా గుప్పెడు జుట్టును కప్పేస్తుంటే ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. అమ్మ లేచి, కుప్పను చూసుకుని, "ఇప్పుడు సరిపోయింది," అంది. ఆమె ముఖంలో అంత నిశ్చింత నేను ఆస్పత్రికి పోయినప్పట్నుంచి చూడలేదు.

ఘాట్‌రోడ్డులో బస్సు కొండ దిగుతుంటే, చందనం పూసుకున్న రెండు గుండ్లూ కిటికీ పక్కన. నేను ఆమె తల తడుముతున్నా, ఆమె నా తల తడుముతోంది. మలుపు మలుపుకూ ఒకరి మీద ఒకరం పడి ఒకటే నవ్వు.

"మే, రేపట్నుంచి గుడ్లు ఇద్దరికీ ఉడకేస్తా," అంది అమ్మ. "నాకూ మొలవాల గదా!"